మత్తు వదలిన పిమ్మట



డెబ్బది, ఎనుబది యేండ్లు పైబడిన తల్లియో తండ్రియో స్నానాలగదిలో కాలుజారి పడి తుంటియెముక విరుగగొట్టుకొన్నప్పుడు, వారిని ఆసుపత్రికి చేర్చిన బిడ్డలు మత్తుమందు డాక్టరును తప్పక అడుగు ప్రశ్న యొకటి కలదు. "డాక్టరుగారూ, మా అమ్మకు పూర్తిమత్తు ఇస్తారా, లేక వెన్నుకు సూది వేస్తారా?" అని వారడుగుదురు. ఆ ప్రశ్నకు వెనుక తాము చూచినదియో, విన్నదియో ఒక యనుభవ ముండును. బంధువులలో నెవరో పెద్దాయనకు ఆపరేషను చక్కగనే జరిగినది. మరునాడు కాఫీ త్రాగి, చూడవచ్చినవారి నందరిని పేరుపేరున పలుకరించినాడు. కాని ఆ రాత్రి నడుజామున హఠాత్తుగ లేచి కూర్చుండి, ప్రక్కనున్న కన్నకొడుకును ఎవరవు నీవని యడిగి, ఎన్నడో గతించిన తమ్ముని పిలిచి, చేతికున్న సెలైను గొట్టమును లాగివేసి, కోతకు కూలీలు వచ్చియున్నారు, నేను పొలమునకు పోవలయునని మంచము దిగబోయినాడు. ఇంటిల్లిపాదియు బెదరిపోయి, "మత్తు తలకెక్కింది" అని నిశ్చయించుకొన్నారు. నాటినుండి ఆ కుటుంబములో పూర్తిమత్తు అన్న మాట వినబడినంతనే గుండె గుభేలుమనును.

ఈ భయమును నిరాధారమని త్రోసివేయుటకు వీలులేదు; వారు చూచినది నిజము. చూచినదానికి వారు కల్పించుకొన్న కారణము నిజమా కాదా యన్నదే విచారింపదగిన విషయము. వైద్యులు సైతము నూరేండ్లకు పైగా ఆ కారణమునే నమ్మియుండిరి. ఇటీవలి కొలది సంవత్సరములలో మాత్రమే ఆ నమ్మకమును పెద్దయెత్తున, పక్షపాతమునకు తావులేని పద్ధతిలో పరీక్షించుట జరిగినది. ఆ పరీక్షలలో తేలినదేమి, దానినిబట్టి ఇంటివారు తమ జాగ్రత్తను ఏ దిక్కునకు మరల్చుకొనవలయును అనునది నేటి ప్రసంగమునకు విషయము.

ముందుగా ఆ వికారమును గుర్తెఱుంగవలయును. తీవ్రజ్వరములో రోగి పలవరించునపుడు మన పెద్దలు సంధి పుట్టినదనెడివారు. శస్త్రచికిత్సానంతరము వృద్ధులకు కలుగు చిత్తభ్రమయు ఆ జాతిదే. అది కొన్ని గంటలలో, హెచ్చుగ ఒకటి రెండు దినములలో తలయెత్తును. సామాన్యముగ ఆపరేషనైన మూడు దినములలోపల బయటపడును. జ్ఞాపకము పోవుటకంటె ధ్యాస నిలువకపోవుటయే దానియందు ప్రధానలక్షణము. వారముల పేర్లను వెనుకనుండి చెప్పుమన్నచో ఆదివారము, శనివారము అని యారంభించి, శుక్రవారము దరిదాపులలోనే దారితప్పి, ఏమి చెప్పుచున్నదియు మరచి, కిటికీవంక చూచుచుండిపోవుదురు. ఉదయమున తెలివిగ మాటాడినవారు సాయంకాలమునకు అయోమయములో పడుదురు. తెల్లవారునప్పటికి మరల తేరుకొందురు. వార్ధక్యములో వచ్చు మతిమరపు వ్యాధి నెలలును సంవత్సరములును పట్టి మెల్లమెల్లగ ముదురునేగాని ఒక్క రాత్రిలో రాదు. ఒక్క పగటిలో ఇన్ని హెచ్చుతగ్గులు చూపదు. అమెరికాలో షారన్ ఇనోయె అను వైద్యురాలు 1990లో నాలుగు గుర్తుల నాధారముగ గొని, పడకప్రక్కన కొలది నిమిషములలో దీనిని నిర్ణయించు విధానము నొకదానిని ప్రకటించినది. హఠాత్తుగ వచ్చి హెచ్చుతగ్గులతో నుండుట, ధ్యాస నిలువకపోవుట, మాటలకు పొందికలేకపోవుట, మెలకువ సహజముగ నుండకపోవుట అనునవి ఆ నాలుగు. మొదటి రెండును తప్పనిసరిగ నుండి, మిగిలిన రెంటిలో నేదైన నొకటి తోడైనచో సంధి యని గ్రహింపవచ్చును. నేటికిని ప్రపంచమంతట ఆసుపత్రులలో ఆ విధానమే విశేషముగ వాడుకలో నున్నది.

ఇచ్చట నేను కొంతసేపు నిలువవలసియున్నది. గొట్టములు లాగి, కేకలువేసి, మంచము దిగబోవు రోగిని ఎల్లరును చూతురు. సిస్టరు పరుగెత్తుకొని వచ్చును, డాక్టరునకు కబురు పోవును. కాని ఈ వికారమునకు మరియొక రూపము కలదు. దానిలో రోగి ఏ గొడవయు చేయడు. పిలిచిన ఊఁ యనును, మరల కన్నులు మూసికొనును. అన్నము పెట్టిన నోటిలో నుంచుకొని నమలక ఊరకుండును. "పాపం, అలసిపోయారు, పడుకోనివ్వండి" అని చుట్టములు గుసగుసలాడుకొందురు. పెద్దమ్మగారు ఎవరికిని శ్రమ యియ్యకున్నారని వార్డులో మెచ్చుకొందురు. ఆమె మనస్సు మాత్రము తానున్న చోటు తెలియక, కాలము తెలియక, భయముతో తల్లడిల్లుచుండవచ్చును. వృద్ధులలో ఈ నిశ్శబ్దపు సంధియే హెచ్చుగ నుండును. ఎవరి కంటను పడక పోవునదియు ఇదియే. లోపల రక్తములో సోడియము తగ్గుచున్నను, ఊపిరితిత్తులలో నెమ్ము చేరుచున్నను, మూత్రము బంధింపబడియున్నను, బయటికి కనబడు చిహ్నము ఈ మౌనమొక్కటియే కావచ్చును. అందుచేత, ఆపరేషనైన తరువాత పెద్దవారు మునుపటికంటె మాట తగ్గించి మగతగ నున్నచో అది విశ్రాంతి యని సరిపెట్టుకొనక వైద్యునకు చెప్పవలసినదని నేను మిమ్ము మనసార వేడుకొనుచున్నాను.

ఇక మత్తుమందుపై అనుమానము సంగతి. బోస్టను నగరములో 1846 అక్టోబరు 16న మోర్టన్ అను దంతవైద్యుడు ఈథరుతో రోగిని నిద్రపుచ్చి, శస్త్రచికిత్సకు బాధలేని యుగమును తెరచినాడు. నలువది యేండ్లు గడచునప్పటికే, 1887లో, జార్జి శావేజ్ అను ఆంగ్ల మానసికవైద్యుడు, మత్తుమందిచ్చి చేసిన ఆపరేషనుల తరువాత కొందరికి మతిచలించుటనుగూర్చి బ్రిటిష్ మెడికల్ జర్నలులో వ్రాసినాడు. సరిగ్గ ఆ కాలముననే మన హైదరాబాదులో మత్తుమందులనుగూర్చిన వాదము మరియొక దిక్కున సాగుచుండెను. నిజాము వైద్యపాఠశాలకు అధిపతియైన ఎడ్వర్డు లారీ, క్లోరోఫారము ముందుగ దెబ్బతీయునది గుండెనా శ్వాసనా యన్న వివాదమును తేల్చుటకై, ఆరవ నిజాము మహబూబ్ అలీఖాన్ ధనసహాయముతో 1888లోను, 1889లోను రెండు విచారణసంఘములను నడిపించెను. రెండవదానికి లాన్సెట్ పత్రిక పక్షమున లాడర్ బ్రంటన్ ఇంగ్లండునుండి వచ్చెను. ఆ పాఠశాలలో చదివి, క్లోరోఫారము నిచ్చుటలో చేయితిరిగిన రూపాబాయి ఫర్దూన్జీని లోకమున తొలితరపు మహిళా మత్తువైద్యులలో నొకరుగ నేడు గౌరవముతో తలచుకొనుచున్నారు. శ్వాసను కనిపెట్టియున్నచో గుండెకు భయములేదని లారీ చేసిన నిశ్చయమును తరువాతి పరిశోధనలు అంగీకరింపలేదు. క్లోరోఫారము గుండెను హఠాత్తుగ ఆపగలదని ఋజువైనది. అయినను, ఏ మందు మంచిదను ప్రశ్నకు వాదములతో గాక ప్రయోగములతో సమాధానము వెదుకవలయునన్న పట్టుదల మూసీతీరమున అంత ముందుగ కనబడినదని తెలుగువారు తెలిసికొనియుండుట మంచిది.

పది యేండ్లు గడచినంతనే, 1898లో, జర్మనీలోని కీల్ పట్టణమున ఆగస్టు బీర్ అను శస్త్రవైద్యుడు వెన్నెముక క్రిందిభాగమున నరములను చుట్టియున్న ద్రవములోనికి కొకైను ఎక్కించి, రోగి మెలకువగ నుండగనే కాలికి శస్త్రచికిత్స చేసెను. వెన్నులో మత్తునకు అదియే ఆరంభము. నడుము క్రింద మొద్దుబారును. తల మేలుకొనియే యుండును. తలను తాకని మత్తు తలకు హాని చేయదను తలంపు దానివెంటనే పుట్టుట సహజము. 1955లో ఆక్స్‌ఫర్డునకు చెందిన బెడ్‌ఫర్డ్ అను వైద్యుడు లాన్సెట్ పత్రికలో ప్రచురించిన వ్యాసము ఈ తలంపునకు గొప్ప బలము చేకూర్చినది. పూర్తిమత్తులో ఆపరేషను చేయించుకొన్న వృద్ధుల సంగతి వాకబుచేసి, అటుపిమ్మట ఆయన మునుపటి మనిషి కాడని, ఆమె మునుపటి మనిషి కాదని ఇంటివారు చెప్పిన మాటలను శ్రద్ధగ సేకరించి, అత్యవసరమైననే తప్ప పెద్దవారికి శస్త్రచికిత్స తగదని ఆయన హెచ్చరించెను. ఇంటివారి మాటకు అంత విలువ నిచ్చినందులకు ఆ వైద్యుని మనము గౌరవింపవలయును. కాని ఆ వ్యాసములో సరిపోల్చుటకు రెండవ పక్షము లేదు: అదే వయస్సులో, అదే జబ్బుతో, అదే ఆపరేషనును వెన్నులో మత్తుతో చేయించుకొన్నవారు ఏమైరో తెలియదు.

అట్టి పోలిక పైకి సులభముగ తోచును. నిజమునకు మిక్కిలి కష్టమైనది. ఆసుపత్రి పుస్తకములు తిరగవేసి, పూర్తిమత్తు తీసికొన్నవారిని ఒక వరుసను, వెన్నులో మత్తు తీసికొన్నవారిని వేరొక వరుసను లెక్కించినచో చాలదు. ఏలయన, ఎవరికి ఏ మత్తు ఇయ్యవలయునని వైద్యుడు రోగి పరిస్థితిని చూచియే నిర్ణయించును. ఊపిరితిత్తులు చెడినవానికి వెన్నులో నిచ్చును. గుండె కవాటము బిగిసినవానికి, రక్తమును పలుచన చేయు మందులలో నున్నవానికి పూర్తిమత్తు నిచ్చును. తుదకు కనబడు తేడా మత్తుదియో, మనిషిదియో చెప్పజాలము. చీటి వేసినట్లు, ఎవరి యిష్టమునకును సంబంధములేక, రోగులను రెండు పక్షములుగ విభజించినప్పుడే ఆ చిక్కు విడును.

అమెరికా, కెనడా దేశములలోని 46 ఆసుపత్రులు 2016 నుండి 2021 వరకు ఆ పనిని చేసినవి. పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయమునకు చెందిన మార్క్ న్యూమన్ దానికి నాయకుడు. తుంటి విరిగి శస్త్రచికిత్సకు వచ్చిన, 50 యేండ్లు దాటిన 1,600 మందిని తీసికొని, 795 మందికి వెన్నులో మత్తు, 805 మందికి పూర్తిమత్తు నిర్ణయించిరి. వారి సగటు వయస్సు 78. వారందరును పడకమునుపు నడువగలిగినవారే. అరువది దినముల తరువాత ఎందరు మరణించిరి, బ్రతికినవారిలో ఎందరు మనిషి సాయములేక పది అడుగులు నడువలేకున్నారు అని మొదట చూచిరి: వెన్నులో మత్తు పక్షమున 18.5 శాతము, పూర్తిమత్తు పక్షమున 18 శాతము. పిదప మనకు కావలసిన ప్రశ్న: ఎందరికి సంధి కలిగినది? వెన్నులో మత్తు పక్షమున 20.5 శాతమునకు, పూర్తిమత్తు పక్షమున 19.7 శాతమునకు. అనగా రెండుచోట్లను ఇంచుమించు ఐదుగురిలో నొకరికి. ఇన్ని యేండ్ల నమ్మకము ప్రకారము ఈ రెండు సంఖ్యల నడుమ నుండవలసిన అగాధము ఎచ్చటను లేదు.

ఆ ఫలితము 2021లో వెలువడినప్పుడు విజ్ఞులైన మత్తువైద్యులు ఒక ఆక్షేపణ చేసిరి. అది తేలికగ తీసివేయదగినది కాదు. వెన్నులో మత్తిచ్చిన తరువాత చాలచోట్ల రోగికి భయము లేకుండుటకై నిద్రమందును గూడ ఎక్కింతురు. తెరచాటున సుత్తి చప్పుడును, రంపపు చప్పుడును వినుచు మేలుకొని పరుండుట ఎవరికిని హితముకాదు గదా. ఆ నిద్రమందు కొంచెము హెచ్చినచో, పేరునకు వెన్నులో మత్తయినను మెదడునకు అది పూర్తిమత్తే యగును. కావున రెండు పక్షములును ఒక్కటే యైపోయినవేమో యని వారి శంక. ఆ శంకకు సమాధానము అదే సంవత్సరము చైనానుండి వచ్చినది. అచ్చటి 9 విశ్వవిద్యాలయ ఆసుపత్రులలో, 65 యేండ్లు దాటిన 950 మంది తుంటివిరుగుడు రోగులలో, ఒక పక్షమునకు నిద్రమందు ఏమాత్రమును లేక వట్టి వెన్నులో మత్తుతోను, రెండవ పక్షమునకు పూర్తిమత్తుతోను ఆపరేషనులు చేసిరి. సంధి మొదటివారిలో 6.2 శాతము, రెండవవారిలో 5.1 శాతము. రోగులను ఎన్నుకొన్న తీరు, కనిపెట్టిన తీరు దేశదేశమునకు భేదించును గనుక అమెరికా సంఖ్యను చైనా సంఖ్యతో పోల్చరాదు. ఒక్కొక్క దేశములో రెండు పక్షములను మాత్రమే పోల్చవలయును. అట్లు పోల్చిన, తల మేలుకొనియుండుటవలన తలకు రక్షణ కలిగినదని రెండింటిలో నేదియు చెప్పకున్నది.

మరి తప్పు మత్తుది కానిచో ఎవరిది? ఒక్కరిది కాదు. నిండుచెరువు ఒక వేసవిని ఓర్చుకొనును. అడుగంటిన చెరువునకు నాలుగు ఎండలు చాలును. ముదిమి, అంతకుముందే అంకురించిన మతిమరపు, చూపు వినికిడి మందగించుట, సరియైన ఆహారము లేక చిక్కిపోవుట, పది రకముల మాత్రలు మ్రింగుట, మద్యపానము: ఇవి మెదడులోని నిలువను తఱిగించియుంచునవి. దానిపై ఎముక విరుగుట యనునదే పెద్ద ఉపద్రవము. గాయమైనచోట పుట్టిన వాపురసాయనములు రక్తములో ప్రవహించి మెదడును సైతము కలతపెట్టును. నొప్పి, నిద్రలేమి, దాహము, మలబద్ధకము, రక్తము తగ్గుట, ప్రాణవాయువు తగ్గుట, క్రొత్తచోటు, తెలియని ముఖములు, రాత్రియు పగలును ఆరని దీపములు ఒకదానిపై నొకటి వచ్చి చేరును. తుంటి విరిగినవారిలో కొందరికి శస్త్రచికిత్సకు ముందే, ఇంకను మత్తుమందు వాసనయైన చూడకముందే, సంధి ఆరంభమై యుండును. ఇది ఒక్కటి గమనించినను మన అనుమానము ఏకపక్షమైనదని తెలియగలదు.

ఐనను మత్తువైద్యుని చేతిలో ఏమియు లేదని నేను చెప్పుటలేదు. ఏ ద్వారమున మత్తు నిచ్చినాడన్నదానికంటె, ఎంత యిచ్చినాడు, దానితోపాటు ఇంకేమి యిచ్చినాడు అన్నది ముఖ్యము. నలువదియేండ్లు దాటిన పిదప పదేండ్లకు సుమారు 6 శాతము చొప్పున పీల్చుమత్తుల అవసరము తఱుగుచుపోవును. యువకునకిచ్చు మోతాదు ఎనుబదియేండ్ల వృద్ధునకు అతిమాత్రము. వెన్నులో మత్తుతోపాటు ఇచ్చు నిద్రను తేలికగ నుంచినచో మేలని 2010లో 114 మందిపై జరిగిన అమెరికా పరిశోధనలో కనబడినది: గాఢనిద్రలో నుంచినవారిలో 40 శాతమునకు, తేలికనిద్రలో నుంచినవారిలో 19 శాతమునకు సంధి కలిగినది. కాని 2018లో అదే బృందము 200 మందిపై మరల చేసినప్పుడు మొత్తముమీద అంత తేడా కనబడలేదు. నుదుటిపై పట్టీలంటించి మెదడు విద్యుత్తరంగములను కొలుచుచు పూర్తిమత్తును తేలికగ నుంచుటనుగూర్చియు ఇట్టి భిన్నాభిప్రాయమే కలదు: 1,232 మందిపై జరిగిన ఒక పరిశోధనలో ఫలము లేదు, 2021లో ప్రకటితమైన 515 మంది పరిశోధనలో లోతైన మత్తున 28 శాతము, తేలికమత్తున 19 శాతము. అవసరమునకు మించిన లోతు వృద్ధులకు మంచిది కాదని నేను నమ్ముచున్నాను. కాని ఆ నమ్మకమును ఋజువైన సత్యముగ మీకు చెప్పుటకు నాకు నోరు రాదు.

మందుల విషయములో సంశయము తక్కువ. డయజెపాము జాతికి చెందిన నిద్రమందులను, పెథిడినును, ఎలర్జీకిని వాంతులకును విరివిగ నిచ్చు ప్రోమెథజైన్ వంటివానిని వృద్ధులకు వీలైనంతవరకు ఇయ్యకుండుటయే శ్రేయస్కరము. అట్రోపిను మెదడులోనికి ప్రవేశించును. దాని పనినే చేయు గ్లైకోపిరోలేటు ప్రవేశింపదు. కావున రెండవదానిని ఎన్నుకొందురు. ఇంకొక పొరపాటును గూర్చి గట్టిగ చెప్పవలసియున్నది. మార్ఫిను మతిని పాడుచేయునను భయముతో విరిగిన తుంటిగల ముదుసలికి నొప్పిమందే లేకుండ చేయుదురు. తీరని నొప్పియే సంధికి బలమైన హేతువు. గజ్జలవద్ద నరములచుట్టు మొద్దుబార్చు మందు నెక్కించి, పారాసెటమాలును వేళకు ఇచ్చి, చాలనిచో కొలదిపాటి మార్ఫిను నిచ్చుటలో దోషములేదు.

కాబట్టి, "మాకు వెన్నులోనే మత్తు కావాలి" అని పట్టుపట్టు బిడ్డలకు నేను చెప్పునది యేమనగా, ఆ పట్టుదలవలన ఒక్కొక్కప్పుడు కీడే కలుగును. మీ నాయనగారు గుండెకు స్టెంటు వేయించుకొని క్లోపిడోగ్రెల్ మాత్రలు వాడుచున్నారనుకొనుడు. అట్టి స్థితిలో వెన్నులో సూది వేసినచో రక్తము స్రవించి నరములపై గడ్డకట్టు ప్రమాదము కలదు గనుక ఐదారు దినములైన ఆగవలసివచ్చును. ఆ దినములన్నియు విరిగిన యెముకతో, నొప్పితో, కదలక పడియుండుటవలన నెమ్ము, పుండ్లు, సంధి ముంచుకొనివచ్చును. తుంటివిరుగుడునకు రెండు దినములలోపల శస్త్రచికిత్స జరుగుట ముఖ్యము. పూర్తిమత్తు నిచ్చి సకాలమున ముగించుటయే అప్పుడు వివేకము. దీర్ఘకాలపు ఆయాసమున్నవారికి వెన్నులో మత్తు హితమని వైద్యుడు చెప్పవచ్చును. మతిని రక్షించుటకై గాక ఇట్టి కారణములచేత ఎంపిక జరుగవలయును. అది మీతో మాటాడి ఆయన చేయవలసిన ఎంపిక.

మతిని రక్షించు ఉపాయములు ఇతరత్ర కలవు. వానిలో పెక్కింటికి ఖర్చు లేదు. పైన పేర్కొన్న ఇనోయె వైద్యురాలే యేల్ విశ్వవిద్యాలయపు ఆసుపత్రిలో 70 యేండ్లు దాటిన 852 మందిపై ఒక ప్రణాళికను నడిపి 1999లో ఫలితములను వెల్లడించినది. వారు శస్త్రచికిత్సకు గాక ఇతర వ్యాధులకై చేరినవారు. తేది, వారము, ఉన్న చోటు తరచుగ చెప్పుచుండుట, రాత్రి నిద్రమాత్రకు బదులు వెచ్చని పానీయమిచ్చి వీపు నిమిరి నిద్రపుచ్చుట, దినమునకు కొన్నిమార్లు లేపి నడిపించుట, కళ్లజోడును వినికిడియంత్రమును అందుబాటులో నుంచుట, దాహమును కనిపెట్టి నీరిచ్చుట: ప్రణాళిక యంతయు ఇంతే. మామూలు వార్డులో 15 శాతమునకు కలిగిన సంధి ఈ సేవ పొందినవారిలో 9.9 శాతమునకు తగ్గినది. తుంటి విరిగిన 126 మందిపై మార్కాంటోనియో అను వైద్యుడు 2001లో ప్రకటించిన పరిశోధనలో, వృద్ధవైద్యనిపుణుడు ప్రతిదినమును వచ్చి ప్రాణవాయువు, నొప్పి, మందులు, మలమూత్రములు, పోషణ, నడక విచారించినందున సంధి 50 శాతమునుండి 32 శాతమునకు దిగినది. ఏ మత్తుమందు మార్పును ఇంత స్థిరముగ ఇంత మేలు చేయలేదు.

ఈ సేవలకు అచ్చట స్వచ్ఛందసేవకులకు శిక్షణ యిచ్చి నియమింపవలసివచ్చినది. మనయింట కూతురో కోడలో మనుమడో మంచముప్రక్కనే చాపవేసికొని పండుకొనుట తరతరముల యాచారము. ఆ భాగ్యమును మన ఆసుపత్రులే ఐసీయూ తలుపులు మూసి పాడుచేయుచున్నవని నాకు బాధ. పూటకు పది నిమిషములు చూచి పొమ్మను నియమము చిన్నవయస్సు రోగికి చెల్లునేమోగాని, కళ్లజోడు తీసి, కట్టుడుపళ్లు తీసి, వినికిడియంత్రము తీసి, తెలిసిన ముఖము నొకదానినైన దగ్గరనుంచక, గోడ గడియారములేని గదిలో ఎనుబదియేండ్ల మనిషిని పరుండబెట్టుట క్రూరము. కనీసము ఒక్క మనిషిని, పరిశుభ్రతానియమములు పాటించు షరతుతో, ప్రక్కన కూర్చుండనిమ్మని వైద్యులను మర్యాదగ, పట్టువదలక అడుగుడు. ఆ మనిషి ఇంటిమాటలు మాటాడవలెను; నేడు ఏ వారమో, ఆపరేషను ఎట్లు జరిగినదో చెప్పుచుండవలెను; పగలు కిటికీతెర తొలగించి, రాత్రి దీపము తగ్గింపించవలెను.

ఆపరేషనుకు ముందు మీరు చెప్పవలసిన సంగతులు కొన్ని కలవు. వారు వాడు మాత్రలన్నియు సంచితో సహా తీసికొనిపోవుడు. నిద్రకై ఏండ్లతరబడి ఆల్ప్రజోలాము మ్రింగుచున్నచో దాచకుడు. హఠాత్తుగ మానుటయే సంధికి కారణము కావచ్చును. తండ్రిగారికి సాయంకాలపు మద్యపానపు అలవాటున్నచో, చుట్టముల యెదుట చెప్పుటకు సిగ్గైనను, మత్తువైద్యునకు ఏకాంతమున చెప్పుడు. ఇటీవల వారు వంటయింటి పొయ్యి ఆర్పుట మరచుచున్నారా, తెలిసిన వీధిలో దారి తప్పినారా, అదియు చెప్పుడు. రాత్రినుండి మంచినీరైన ముట్టరాదని చెప్పి, మధ్యాహ్నమువరకు వరుసలో నిలుపుట చాలచోట్ల వాడుక. తక్కిన యిబ్బందులు లేనివారికి మత్తునకు రెండుగంటల ముందువరకు వట్టినీరు ఇయ్యవచ్చును గనుక, ఎప్పటివరకు త్రాగవచ్చునో అడిగి తెలిసికొనుడు.

ఇన్ని చేసినను సంధి రావచ్చును. అప్పుడు వాదింపకుడు. తమ్ముడు చనిపోయి ఇరువదియేండ్లైనదని గద్దించి చెప్పినందున ఆయనకు తెలివిరాదు, దుఃఖము మాత్రము క్రొత్తగ వచ్చును. చేయి పట్టుకొని, నేను మీ పెద్దవాడను, ఆసుపత్రిలో ఉన్నాము, కాలికి కట్టు కట్టినారు, నేనిచ్చటనే ఉందునని నెమ్మదిగ చెప్పుడు. చేతులను మంచపుకమ్మికి గుడ్డతో కట్టివేయుట భయమును హెచ్చించునేగాని తగ్గింపదు. దానికి అంగీకరింపకుడు, మారుగ మనిషి నొకని కూర్చుండబెట్టుదుమని చెప్పుడు. అవసరములేని మూత్రపుగొట్టమును తీయింపుడు. వైద్యుడు మొట్టమొదట చేయవలసినది కారణమును వెదకుట. నిద్రపుచ్చు మందు తనకో ఇతరులకో హాని చేయు స్థితిలో మాత్రమే, కొలది మోతాదులో. మద్యమునో నిద్రమాత్రనో హఠాత్తుగ మానినందున వచ్చిన సంధికి మాత్రము చికిత్స వేరు. అందుకే ఆ సంగతి దాచవలదని ముందే మనవిచేసితిని.

చాలమందిలో ఇది కొలది దినములలో శమించును. కొందరిలో వారములు పట్టును. కొందరిలో అంతవరకు మరుగుననున్న మతిమరపును బయటికి తెచ్చును. ఇంటికి వచ్చిన పిమ్మట నెలరోజులు దాటినను లెక్కలలో, దారులలో, మాటలలో తడబాటు మిగిలియున్నచో నరములవైద్యునకో వృద్ధవైద్యునకో చూపుడు. తేరుకొన్నవారికి ఆ రాత్రులు తునుకలు తునుకలుగ జ్ఞాపకముండును. తాము నర్సును కొట్టితిమేమో, కోడలిని దూషించితిమేమో యని లోలోపల కుమిలిపోవువారు కలరు. అది దేహముచేసిన పని, మీ స్వభావము కాదని వారికి విడమరచి చెప్పవలసిన బాధ్యత మనది. రెండు మూడేండ్లకు కంటిశుక్లమునకో మోకాలికో మరల ఆపరేషను నిశ్చయమైనపుడు, క్రిందటిమారు సంధి వచ్చినదని, ఎన్నాళ్లున్నదని, అప్పుడు ఏ మందులిచ్చిరని పాతకాగితములతో సహా క్రొత్త మత్తువైద్యునకు చెప్పుడు. ఒకమారు వచ్చినవారికి మరల వచ్చు సంభవము హెచ్చు గనుక, ఆ రాత్రికి కావలసిన మనిషిని, కళ్లజోడును, గడియారమును ఆయన ముందుగనే సిద్ధపరచుకొనగలడు.